క్వారీ మలుపులో కాలు తోసేది ఎవరు?

క్వారీ మలుపు పేరెత్తితే చాలు, డ్రైవర్లు గొంతు తగ్గించేవారట. చీకట్లో, వానలో అక్కడ బ్రేకు తొక్కితే… కింద నుంచి ఎవరో కాలిని పైకి తోస్తారట. ఏడాదిలో మూడు కొత్త కార్లు అక్కడి గోడను గుద్దాయి. బయటపడ్డవాళ్ళందరిదీ ఒకటే మాట — "ఎవరో నా కాలు తన్నారు."

డ్రైవింగ్ మాస్టారికి ఈ కబుర్లంటే ఒళ్ళుమంట. కానీ మూడో కారు నడిపింది ఆయన మేనల్లుడు, ఆయన దగ్గరే నేర్చుకున్నవాడు. కాలు విరిగి ఆస్పత్రిలో పడున్నాడు. మాస్టారి మేనల్లుడికే బ్రేకు వెయ్యడం రాదని ఊరంతా నవ్వుతోంది. ఇరవై రెండేళ్ళ పరువు! అసలు సంగతి తేల్చాల్సిందే.

వాన పడుతున్న ఓ మునిమాపు వేళ కూతురి కొత్త కారు తీశారు. ఆమె సర్వీస్ సెంటర్లో మెకానిక్.

"నేనూ వస్తా నాన్నా," అని పక్కన కూర్చుంది.

మలుపు వచ్చేసింది. రోడ్డంతా లారీలు రాల్చిన బురద. ఎదురుగా తడిసిన గోడ…

మాస్టారు బ్రేకు బలంగా తొక్కారు.

టకటకటక — కింద నుంచి ఏదో అరికాలిని తన్నింది! గరగరమని ఒకటే మూలుగు… ఆయన ఉలిక్కిపడి కాలు ఎత్తేశారు. కారు గోడ మీదికి పోతోంది…

"ఎత్తకు నాన్నా! తొక్కిపట్టు… స్టీరింగ్ తిప్పు!"

తొక్కారు. మళ్ళీ తన్నింది. పళ్ళు బిగించి అలాగే తొక్కిపట్టారు. కారు మాట విని పక్కకి తిరిగింది. గోడకి జానెడు దూరంలో ఆగింది.

"దెయ్యం కాదు," గుసగుసలాడింది కూతురు. "చక్రాలు బిగుసుకుపోతే కారు జారిపోతుంది, స్టీరింగ్ పనిచెయ్యదు. అందుకే చక్రం ఆగిపోబోతోందని సెన్సర్ పసిగట్టగానే, కారే బ్రేకును వదులుతూ, మళ్ళీ పట్టిస్తూ ఉంటుంది… సెకనుకి చాలాసార్లు. ఆ కుదుపే నీ కాలికి తగిలింది. ఎండిన రోడ్డు మీద మామూలుగా రాదు. వచ్చినప్పుడు మాత్రం కాలు తియ్యకూడదు."

"తియ్యకూడదా…?"

మాస్టారు తన కాలి వైపు చూసుకున్నారు. ఆయన స్కూలు కారు పాతకాలంది, దానికి ఈ ఏర్పాటు లేదు. తడి రోడ్డు మీద తొక్కి వదులు, మళ్ళీ తొక్కి వదులు — అందరికీ ఆయన నేర్పింది అదే.

"నాన్నా… ముందు గుద్దిన ఆ ఇద్దరూ ఎక్కడ నేర్చుకున్నారు?"

"నా దగ్గరే."

ఆయన ఫోను తీసి ఆస్పత్రిలో ఉన్న మేనల్లుడికి కలిపారు.

"చెప్పు మామయ్యా… దెయ్యం కనిపించిందా?"

"ఒరేయ్… ఆ రాత్రి నీ కాలు ఎత్తించింది దెయ్యం కాదురా… నేనే."