విబూది పొట్లం

ఏజెంట్ ముకేశ్ చావు దినకర్ ముందుకు ఫైలుగా వచ్చింది. ఫైల్లో పేరు లేదు, రూల్ ప్రకారం ఉండకూడదు. మగ, ముప్పై దాటిన వయసు. మందులేవీ వాడటం లేదు. కడుపులో రక్తస్రావం. మృతి.

పైకి అది తిరువళ్ళూరులో మెడికల్ కోడింగ్ ఆఫీసు. చుట్టుపక్కల ఆసుపత్రుల జబ్బులన్నీ ఇన్సూరెన్స్ కోసం అక్కడ నంబర్లయిపోతాయి. ఓ విదేశీ ముఠా మామూలు జబ్బులా కనిపించే విషంతో మనుషుల్ని చంపుతోందని తెలిశాక, గూఢచారి విభాగం దినకర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. రక్తవాంతి అయితే కె 92.0, నల్లటి విరేచనమైతే 92.1. డాక్టర్ రాయనిది కోడర్ ఊహించకూడదు. అందుకని దినకర్ బుద్ధిగా 92.2 కొట్టాడు, అంటే రక్తస్రావం, కారణం తెలియదు. కొట్టి, పెరుగన్నం తిన్నాడు.

ఆ ఫైలు ముకేశ్‌దని సాయంత్రం తెలిసింది. ఒక కంచంలో తిన్న మనిషి. దినకర్‌కి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒంట్లో ఎవరో మెయిన్ స్విచ్ కట్టేసినట్టుంది. ఇదెక్కడి గోలరా దేవుడా అనుకుని పడుకున్నాడు.

మర్నాడు పట్టాభిరామ్‌లో తిరుత్తణి లోకల్ ఎక్కాడు. అప్పటికే గుండు గీయించుకున్నాడు. గుండుకు గంధం, నడుముకు పసుపు వేష్టి, తిరుత్తణి కొండకెళ్ళే భక్తుడి వేషం. ఎదురు సీట్లో పూలబుట్టతో ఒకావిడ కూర్చుంది. ఆవిడే చీఫ్ సుందరవల్లి.

"మూర ఎంతమ్మా?"

"92.2," అందావిడ. విభాగం భాషలో, శత్రువు ఎవరో ఇంకా తెలియలేదని.

బ్రీఫింగ్ పూలు కట్టే చేతుల మధ్యే నడిచింది. ఆత్తిపట్టు దగ్గర కరెంటు ప్లాంటు కంట్రోల్ రూమును పేల్చాలని చూసిన ముఠా నాయకుడి ముఖం ఇద్దరే చూశారు. ఒకడు ముకేశ్. రెండోవాడు రిటైరైన ఇంజనీర్ మునిరత్నం. ఇప్పుడాయన తిరుత్తణిలో ఓ నర్సింగ్ హోములో ఉన్నాడు. నల్లటి విరేచనం.

"రేపు మెడ్రాసుకు మార్చి అన్ని టెస్టులూ చేయిస్తాం. అంతవరకు ప్రాణం నిలబెట్టు. ఆయన పోతే ఆ ముఖం మనకిక దొరకదు," అంది చీఫ్. "కాంచన అక్కడే కాపలా ఉంది."

కాంచన ఏడాది కిందట ముఠాను వదిలి ఇటు వచ్చిన డబుల్ ఏజెంట్. నాయకుణ్ణి తనెప్పుడూ చూడలేదనే చెప్పింది. పట్టుచీర కట్టి నడిస్తే వార్డులో రోగులు కూడా లేచి కూర్చుంటారు. కోడింగ్ ఆఫీసులో దినకర్ కోడ్‌లను ఆడిట్ చేసేది ఆమే. వారం వారం కొండకెళ్ళి అందరికీ విబూది తెచ్చిపెట్టే భక్తురాలు కూడాను.

నర్సింగ్ హోములో దినకర్ మేనల్లుడి వేషంలో కేస్ షీట్ చదివాడు. మందులేవీ వాడటం లేదు. ముకేశ్ ఫైల్లోనూ అదే మాట. కోడర్ ఊహించకూడదు, కానీ అడగొచ్చు. మంచం పక్కనున్న సుబ్బమ్మను, మునిరత్నం భార్యను, అడిగాడు.

"అత్తా, మామ ఏమేం తీసుకుంటాడు?"

"ఏముండాది నాయనా, కంజి తాగినాడు. నిన్న రెండు ఇడ్లీ తిన్యాడు."

"మందులు?"

"యాడివి? డాక్టరు కూడా అదే అడిగినాడు. ఒకటీ లే అంటిని. ఆ కాంచన పాప కొండమింద నుంచి తెచ్చే విబూది మాత్రం రోజూ నోట్లో ఏసుకుంటాడు. దాన్ని మందంటారా ఏంది?"

అనరు. ఈ చుట్టుపక్కల కడుపునొప్పి వస్తే చిటికెడు విబూది నోట్లో వేసుకోని వాళ్ళుండరు, డాక్టర్ అడిగితే దాన్ని చెప్పేవాళ్ళూ ఉండరు. ముకేశ్ టేబుల్ మీద అలాంటి పొట్లమే చూశాడు దినకర్. తన చొక్కా జేబులోనూ ఒకటుంది. పొద్దున పళ్ళు తోముకుంటే బ్రష్ ఎర్రగా వచ్చింది, పట్టించుకోలేదు.

వెనక్కి తిరిగేసరికి కాంచన అవతలివైపు నుంచి మంచం మీదికి వంగి ఉంది. ఈసారి పొట్లం లావుగా ఉంది. ఆమె రేపటి టెస్టుల దాకా ఆగేలా లేదు.

"మామా, నోరు తెరవండి."

మునిరత్నం నోరు తెరిచాడు. చిటికెడు బూడిద పెదవి తాకబోతుండగా దినకర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. తన రెండో చేతి వేలికున్న ఆక్సీమీటర్‌ను బొటనవేలితో నొక్కాడు. అది ఆక్సీమీటర్ కాదు, ట్రాన్స్‌మిటర్.

కాంచన నవ్వింది. "నువ్వూ తిన్నావు కదా దినకర్. ఎట్లుండాది ఒళ్ళు?"

"ఏమీ తెలియడం లేదు."

స్ట్రెచర్ తోసుకుంటూ విభాగం మనుషులిద్దరు లోపలికొచ్చారు. ఆమె చెయ్యి విదిలించుకోలేదు, చీర మీద పడ్డ బూడిద మాత్రం దులుపుకుంది.

"అయ్యో, సామి ప్రసాదం పారబోస్తిరే," అని సుబ్బమ్మ నొచ్చుకుంది.

బూడిదలో ఉన్నది ఎలుకల మందు. రక్తం గడ్డకట్టనివ్వదు. డాక్టర్ మునిరత్నానికీ, దినకర్‌కీ పక్కపక్క మంచాల మీద దాని విరుగుడు, విటమిన్ కె ఎక్కించాడు. సూది దిగగానే దినకర్‌కి చురుక్కుమంది. దాంతోపాటు ముకేశ్ గుర్తొచ్చాడు, పెరుగన్నం గుర్తొచ్చింది, కళ్ళు నీళ్ళు కార్చడం మొదలుపెట్టాయి.

"అంత నొప్పా?" అంది నర్సు.

"అవునమ్మా, నొప్పే," అన్నాడు, తృప్తిగా.

సాయంత్రం సుందరవల్లి వచ్చింది, ఈసారి పూలబుట్ట లేకుండా. మునిరత్నం అనుమానితుల ఫోటోల్లో నాయకుణ్ణి గుర్తుపట్టాడని చెప్పి, దినకర్ సెలవు చీటీ తీసింది.

"కారణం ఏమని రాసేది?"

దినకర్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమైనా రాయండి మేడమ్. 92.2 మాత్రం వద్దు."