పదో రోజు కాగితం

పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీల పేట కామాఠిపురాలో, పదకొండో గల్లీలో నల్లా నీళ్లు ఇంకా ఆగలేదు. బకెట్ల వరుసను తప్పించుకుంటూ ఒక ఆడమనిషి చెక్క మెట్లెక్కి, ఒంటి గదుల వరుసలున్న పాత చాల్ రెండో అంతస్తుకు వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. చేతిలో ఫైలు ఉంది. మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

డిటెక్టివ్ శంకర్రావు గది తలుపు తెరిచిన కోమల్ ఆమెను చూడగానే గుర్తుపట్టింది. మేస్త్రీ కూతురుగా ఇదే గల్లీలో పెరిగి, రాష్ట్ర బాల కుటుంబ సేవా మండలికి కమిషనర్ అయిన మయూరిని ఈ చాల్స్‌లో గుర్తుపట్టనివాళ్లు లేరు.

కోమల్ ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. ఆరేళ్లుగా శంకర్రావు దగ్గర పనిచేస్తోంది. ఆయన ఒక మాట అంటే దాని వెనక నాలుగు సంగతులుంటాయని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఇంతవరకూ వమ్ము కాలేదు.

"కూర్చో బిడ్డా," అన్నాడు శంకర్రావు. "భయపడి వచ్చినవ్. నీ గురించా, వేరేవాళ్ల గురించా?"

"రెండూ కాకా."

"పెద్దది చెప్పు."

"ఒక పసిబిడ్డ. రేపు మూడు గంటలకు దత్తతకు పోతది. ఆర్డర్ మీద సంతకం నాది."

మండలి నియమం తేలికైనదే. బిడ్డను పెంచలేని తల్లి ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసి బిడ్డను అప్పగించవచ్చు. అరవై రోజుల్లోపు మనసు మారితే బిడ్డను తిరిగి తీసుకోవచ్చు. అరవై దాటితే తల్లికి హక్కు లేదు. భూదేవి అనే పాలమూరు కూలీ మనిషి మొన్న, ఆగస్టు ఇరవైన, తన ఆడబిడ్డ కోసం వచ్చింది. కాగితం మీద తేదీ జూన్ పది. అంటే డెబ్భై ఒక్క రోజులు. గేటు బయటికి పంపేశారు.

"కాగితం సక్కగనే ఉన్నదంటే నీకేం పోయింది?"

"ఏం పోదు. మా డిప్యూటీ శ్రీకాంత్ అదే అన్నడు. కాగితం నిజమైతే మేడమ్ భద్రం, అబద్ధమైతే ముందు పోయేది మేడమ్ కుర్చీ, ఎందుకు తవ్వుతరని."

"మరి ఎందుకు తవ్వుతున్నవ్?"

"ఆమె ఏడ్వలే కాకా. నా కాళ్లు పట్టుకోలే. 'యాభై రెండు దినాలమ్మా, రోజూ లెక్కబెట్టిన' అన్నది. అబద్ధమాడే మనిషి అట్ల నిలబడదు."

"ఆర్డర్ చదివి సంతకం పెట్టినవా?"

మయూరి తల దించుకుంది. "ఆ రోజు నలభై ఫైళ్లు. ఆఖరి పేజీ చూసి పెట్టిన."

"అయితే తప్పు నీది గూడ."

"తెలుసు."

కోమల్‌కు జాలేసింది. శంకర్రావుకు వెయ్యలేదు. ఆయన ఫైలు తెరిచాడు. ఒప్పుకోలు కాగితం కంప్యూటర్‌లో కొట్టినది. తల్లి భూదేవి. ఆడబిడ్డ, పేరు రాములమ్మ, వయసు పది రోజులు. కింద వేలిముద్ర. దాని వెనక దత్తతకు తీసుకునే దంపతుల ఫోటో. భార్య నవ్వుతోంది. ఎడమ బుగ్గన సొట్ట.

"కోమల్, బిడ్డ పేరు చూసినవా?"

"చూసిన కాకా. ఈ కాలంలో ఇంత పాత పేరు ఎవరు పెడతరు?"

"అదే అడుగుదాం పద," అని ఆయన చెప్పులు వేసుకున్నాడు.

*

ఫాక్‌లాండ్ రోడ్ వైపున్న చాల్‌లో మల్లవ్వ అనే ముసలామె గదిలో భూదేవి తలదాచుకుంటోంది. ఒక మూల ఆమె భర్త ఆంజనేయులు నడుముకు పట్టీతో పడుకున్నాడు. పక్కన చంకకర్ర ఉంది.

"ఈన సూరత్ పోయిండు సార్, సెంట్రింగ్ పనికి," అంది భూదేవి. "నేను నిండు నెలలతోటి ఉన్న. ఫోన్ బందయింది. ఇడిసిపెట్టిండనుకున్న. కాన్పయినంక జరం పట్టుకున్నది. పాలు ఇంకిపోయినయ్. బిడ్డన్నా బతకాలని ఇచ్చిన. మొన్న ఈన కర్ర పట్టుకొని వచ్చిండు. కట్టే బిల్డింగు పరంజ మీంచి పడ్డడట."

"మూడు నెలలు దవాఖానల ఉంటి. ఫోన్ పగిలింది, నంబర్లన్నీ అండ్లనే పోయినయ్," అన్నాడు ఆంజనేయులు గోడవైపు చూస్తూ.

"వేలిముద్ర వేసినప్పుడు కాగితం మీద రాత ఉన్నదా?"

"లేదు సార్. తెల్లగుండె. ఎనక కొట్టుకుంటమన్నరు."

"ఎవరన్నరు?"

"ముగ్గురున్నరు. నాకు కండ్లు తిరుగుతుండె. మొకాలు యాదికి లేవు."

శంకర్రావు మాట మార్చాడు. "బిడ్డ పేరేంది?"

భూదేవి మల్లవ్వ వైపు చూసింది.

"రాములమ్మ," అంది మల్లవ్వ. "దాని అత్త పేరు. పోయినేడు కాలం చేసింది. వాళ్లమ్మ పేరే పెట్టాలని ఈయన కడుపుల ఉన్నప్పుడే చెప్పిండు."

"నేను చిన్నీ అంట," అంది భూదేవి.

"తొట్టెల ఎప్పుడేసిన్రు?"

"ఎప్పుడేస్తరయ్యా? ఇరవై ఒకటో దినం," అంది మల్లవ్వ. "తండ్రి లేడని తొట్టెల ఆగుతదా? ఈ గదిలనే ఏసిన. ఉడికిన శనగ గుడాలు పంచిన. మా మనవడు మంగేష్‌ను మున్సిపాలిటీకి తోలి పేరు ఎక్కిపిచ్చిన. ఆ కాగితం బిడ్డ సంచిలనే పెట్టి ఇచ్చిన. నేను చెప్తే ఆఫీసోళ్లు ఇంటరా? ముసలిదానివి, మతి లేదన్నరు."

"ఎవరికి లేదో రేపు తేలుతది," అన్నాడు శంకర్రావు.

*

మండలి కార్యాలయంలో అందరూ మరాఠీలోనే మాట్లాడారు. రిజిస్టర్ రాసే సీమా యాలకులు నములుతూ ఎదురొచ్చింది.

"నేను చీటీ చూసి రాస్తాను. చీటీ మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీ. చీటీలు నెల ఆలస్యంగా కట్టలుగా వస్తాయి. నాతో మీకేం లాభం? మీ అమ్మాయి టైపు బాగా కొడుతుందంటే చెప్పండి, ఇక్కడ పోస్టు ఖాళీ ఉంది."

"చీటీలు ఎవరు పంపుతారు?"

"ఒకోసారి డిప్యూటీ సాబ్, ఒకోసారి శిశు గృహం అతుల్ సార్. ఎవరి చీటీ ఏదో వాళ్లకే తెలియదు."

డిప్యూటీ శ్రీకాంత్ కుర్చీలోంచి లేవలేదు. "మొగుడూ పెళ్లాల తగాదాలకు కదా డిటెక్టివ్‌లు. ప్రభుత్వ ఆఫీసులో ఏం పని?"

"మేడమ్ పోతే కుర్చీ మీదేనటగా."

"వస్తే వద్దంటానా? దాని కోసం దొంగ కాగితాలు పుట్టించేంత తీరిక నాకు లేదు. ఫైలు తయారై నా దగ్గరకు వచ్చింది. పైకి పంపాను."

ఇతనే అని కోమల్ తీర్మానించుకుంది. శంకర్రావు అప్పటికే లేచి శిశు గృహం వైపు నడిచాడు.

శిశు గృహం సూపరింటెండెంట్ అతుల్ మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. కోమల్‌కు ఫ్యాన్ తిప్పి పెట్టాడు. ఆయన వెనక గోడ మీద ఒక ఫోటో ఉంది. ఒకావిడ నవ్వుతూ ఆయనకు రాఖీ కడుతోంది. ఆ నవ్వును ఎక్కడో చూసినట్టు కోమల్‌కు అనిపించింది.

"ఆ తల్లి బాగా గుర్తుంది నాకు," అన్నాడు అతుల్. "ఆ రోజు నేను ఒక్కడినే ఆమెతో మాట్లాడాను. మిగతావాళ్లు ఆయాలు. పాపం, బిడ్డను గుండెకు హత్తుకుని 'రాములమ్మా, రాములమ్మా' అని ఏడ్చింది. చెవులారా విన్నాను."

"పేరు అట్లా తెలిసిందా మీకు?"

"అట్లానే. ఆమె నోటి నుంచి విని కాగితంలో పెట్టాను."

"బిడ్డతో పాటు మున్సిపాలిటీ కాగితం ఏమైనా ఇచ్చిందా?"

"ఏదీ ఇవ్వలేదు. కట్టుబట్టలతో వచ్చింది."

శంకర్రావు టీ పూర్తిగా తాగాడు. అప్పుడే కోమల్‌కు అర్థమైంది, పని అయిపోయిందని. పని కానిచోట ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు.

మెట్లు దిగుతూ, "వార్డాఫీసుకు పద," అన్నాడు.

"ఎందుకు కాకా?"

"నాకు తెలిసింది మయూరి పైనుండే సెక్రటరీకి తెలవాలంటే ముద్ర ఉన్న కాగితం కావాలె. వాళ్లకు ముద్రే దేవుడు."

*

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు మయూరి గదిలో అందరూ చేరారు. మయూరి కబురు మీద రాష్ట్ర సచివాలయమైన మంత్రాలయం నుంచి వచ్చిన సెక్రటరీ సోఫాలో కూర్చున్నాడు. శ్రీకాంత్, అతుల్, సీమా గోడవారగా నిలబడ్డారు. భూదేవి, మల్లవ్వ తలుపు దగ్గర నేలమీద కూర్చున్నారు. దత్తత దంపతులు పక్క గదిలో కొత్త ఉయ్యాల గుడ్డలతో ఎదురుచూస్తున్నారు.

"గంట టైముంది," అన్నాడు సెక్రటరీ. "చెప్పండి."

"ముందు ఈ తల్లిని ఒక్క మాట అడుగుతాను," అన్నాడు శంకర్రావు. భూదేవి వైపు తిరిగి తెలుగులో అడిగాడు. "అమ్మా, నీ బిడ్డ పేరేందో సారుకు చెప్పు."

భూదేవి కొంగుతో నోరు కప్పుకుంది.

"పేరు చెప్తే బిడ్డ నీదైతదేమో. చెప్పు."

ఆమె కళ్లు నిండాయి. తల అడ్డంగా ఊపింది. "మా అత్త పేరు సార్," అంది. అంతకు మించి నోరు పెగల్లేదు.

శంకర్రావు ఆ మాటను మరాఠీలో చెప్పాడు. "సొంత బిడ్డ పేరు తెలియదా?" అన్నాడు సెక్రటరీ విసుగ్గా.

"నాటకం సార్," అన్నాడు అతుల్ మెల్లగా. "ఆ రోజు నా ముందు పదిసార్లు పిలిచింది."

"అదే కావాలి నాకు," అన్నాడు శంకర్రావు. "సార్, మా పాలమూరు పల్లెల్లో కోడలు అత్త పేరు పలకదు. మొగుడి పేరూ పలకదు. ఈన అంటుంది, ఆయన అంటుంది. అత్త పేరు బిడ్డకు పెడితే ఆ బిడ్డను కూడా ఆ పేరుతో పిలవదు. చిన్నీ అంటుంది, బుజ్జీ అంటుంది. ఇప్పుడు మీ కళ్ల ముందే చూశారు. బిడ్డ దక్కుతుందని ఆశ పెట్టినా ఆమె నోట ఆ పేరు రాలేదు. జ్వరంలో, తెలియని మనుషుల ముందు 'రాములమ్మా' అని ఏడ్చిందంటే నేను నమ్మను. అతుల్ గారు ఆ పేరు ఆమె నోట వినలేదు."

సెక్రటరీ సోఫాలో ముందుకు జరిగాడు.

"మరి ఎక్కడ విన్నాడు?" అన్నాడు సెక్రటరీ.

"వినలేదు. చదివాడు. బిడ్డ సంచిలో మల్లవ్వ పెట్టిన మున్సిపాలిటీ కాగితంలో చదివాడు. చదివి దాన్ని మాయం చేశాడు. ఎందుకంటే దాని మీద తేదీ ఉంది." శంకర్రావు చేయి చాపాడు. కోమల్ వార్డాఫీసు ముద్ర ఉన్న నకలు అందించింది. "బిడ్డ పుట్టింది జూన్ ఒకటిన. మా ఇళ్లల్లో బిడ్డకు పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసినప్పుడు. మున్సిపాలిటీలో పేరు చేర్చింది జూన్ ఇరవై నాలుగున. మరి జూన్ పదో తేదీన, పేరే లేని పది రోజుల పిల్ల పేరు ఈ ఒప్పుకోలు కాగితంలోకి ఎట్లా వచ్చింది?"

సెక్రటరీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. మళ్లీ చూశాడు.

"వేలిముద్ర ఆమెదే," అన్నాడు శంకర్రావు. "తెల్ల కాగితం మీద జూన్ ఇరవై తొమ్మిదిన వేసింది. దాని మీద పంతొమ్మిది రోజులు వెనక్కి జరిపిన తేదీ కొట్టారు. తల్లి వచ్చేలోపు అరవై రోజులు దాటిపోవాలని."

"నాకేం లాభం?" అన్నాడు అతుల్.

"కోమల్, నువ్వు చెప్పు. ఆ ఫోటో ముందు చూసింది నువ్వే."

కోమల్ తలలో రాత్రంతా తిరిగిన సంగతి అదే. ముందుకొచ్చి ఫైలు తెరిచింది. "దత్తత తీసుకునే ఆవిడ ఈమె. అతుల్ సార్ గోడ మీద రాఖీ కడుతున్నదీ ఈమె. ఈయన చెల్లెలు. దత్తత కోసం ఆగిన వరుసలో వీళ్లకంటే ముందు ఎందరో ఉన్నారు."

పక్క గది తలుపు తెరుచుకుంది. ఆ చెల్లెలు గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో వింటోంది.

"తల్లి చచ్చిపోయిందన్నావు దాదా," అంది అన్నవైపు చూసి.

ఆమె ఉయ్యాల గుడ్డలు భూదేవి పక్కన నేలమీద పెట్టి, భర్త చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. అతుల్ ఆమె వెంట ఒక అడుగు వేశాడు. మయూరి ముందే వరండాలో నిలిపిన గేటు పోలీసు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

శ్రీకాంత్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఏమైనా ఆర్డర్ మీద సంతకం మేడమ్‌ది. ఆ సంగతి కూడా రికార్డులోకి రావాలి."

"వస్తుంది," అంది మయూరి. అప్పటికే ఆమె రాస్తోంది. "అబద్ధపు కాగితం అతుల్‌ది. చదవకుండా పెట్టిన సంతకం నాది. రెండూ రాశాను. దత్తత ఆర్డర్ రద్దు చేశాను. ఇకమీద ఏ తల్లి వేలిముద్ర అయినా నా ఎదుటే పడుతుంది. ఆ తల్లి భాషలో కాగితం చదివి వినిపించాకే పడుతుంది. ఏడాదిగా వచ్చిన ఒప్పుకోలు కాగితాలన్నీ రేపటి నుంచి ఒక్కొక్కటీ నేనే చదువుతాను."

సెక్రటరీ ఆ కాగితం అందుకున్నాడు. "మీ తప్పు మీరే రాసుకుంటే నేనేం రాయాలి?"

"మీకు తోచింది రాయండి సార్."

ఆయన కలం తీశాడు. రాసింది పైకి చదివాడు. "ఈ పద్ధతి రాష్ట్రమంతటా అమలయ్యేదాకా కమిషనర్‌ను ఈ పదవి నుంచి కదల్చరాదు."

సీమా నవ్వు ఆపుకోలేకపోయింది. శ్రీకాంత్ కిటికీ బయటికి చూశాడు.

ఆయా బిడ్డను తెచ్చింది. భూదేవి లేచి నిలబడింది కానీ చేతులు చాపలేదు. చాపవచ్చో లేదో ఆమెకు తెలియలేదు. మయూరి బిడ్డను తీసుకుని ఆమె చేతుల్లో పెట్టింది. బిడ్డ ఏడుపు అందుకుంది.

"ఆకలైతున్నదమ్మా," అంది భూదేవి. "బయట కూసొని పాలు పడతా."

"బయటెందుకు?" మయూరి తన కుర్చీ వెనక్కి లాగింది. "ఇక్కడ కూర్చో."

భూదేవి ఆ పెద్ద కుర్చీ అంచున కూర్చుంది. మల్లవ్వ ఆమెను వెనక్కి నెట్టి సరిగ్గా కూర్చోబెట్టింది. ఆయా పాలసీసా అందించింది.

"మీరంతా బయటికి నడవండి," అంది మయూరి.

"మీటింగ్ ఇంకా..." అన్నాడు శ్రీకాంత్.

"తరువాత."

సెక్రటరీ ముందు లేచాడు. శ్రీకాంత్ వెనక నడిచాడు. వరండాలో కుర్చీలు లేవు. రాష్ట్ర సెక్రటరీ, కమిషనర్, డిప్యూటీ గోడకు ఆనుకుని నిలబడ్డారు. శంకర్రావు, కోమల్ కూడా నిలబడ్డారు. ఫోన్ మోగితే సెక్రటరీ ఆపేశాడు. లోపలి నుంచి ఏడుపు తగ్గి, చప్పరింపు వినిపించింది. ఆ బిడ్డ కడుపు నిండేదాకా ఆ తలుపు ఎవరూ తట్టలేదు.