వెనక నుంచి పిలవని కథ

భ్రమరాంబ పొద్దున్నే ఒక భర్తను కదిలే రైల్లోంచి దింపింది. చావు దగ్గరపడ్డ ఒక తండ్రిని మంచం మీద లేపి కూర్చోబెట్టింది. తరువాత టీ తాగింది.

కథాకేంద్రంలో ఆమె అతుకరి. చదివేవాళ్ళ ముంజేతి నాడిపట్టీల్లో శోకం హద్దు దాటగానే యంత్రం కథను మళ్ళిస్తుంది. ఆ మళ్ళించిన చోట కుట్టు కనబడకుండా రెండు వాక్యాలు రాయడం ఆమె పని. ఇన్నేళ్ళలో ఏ కథలోనూ ఎవరినీ సరిగ్గా సాగనంపనివ్వలేదు.

తరువాతి కథ ఒక రేవులో జరుగుతుంది. ఉప్పెనలో దొరికిన పసిదాన్ని పెంచి పెద్దచేసిన ఆడమనిషి, కన్నతల్లి వెతుక్కుంటూ వచ్చి అడిగితే, పిల్లను పడవ ఎక్కిస్తుంది. పిల్ల వెనక్కి చూస్తూనే ఉంటుంది. పెంచినామె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడుతుంది. అక్కడితో కథ అయిపోతుంది.

మొదట చదివిన కొందరి నాడి చూసి యంత్రం అప్పుడే మళ్ళింపు పంపింది: పెంచినామె పిలిచింది, పడవ తిరిగి వచ్చింది.

భ్రమరాంబకు ఒళ్ళు మండింది. బయలుదేరిన మనిషిని వెనక నుంచి ఎవరైనా పిలుస్తారా? అందులోనూ నీళ్ళ మీద పోయే పిల్లను?

కథ రాసిన అప్పలనరసమ్మను తెర మీదికి పిలిచింది. ఆవిడ ఎండుచేపలు తిరగేస్తూనే మాట్లాడింది.

"నానెందుకు పిలుస్తానమ్మా? పిల్లకి కీడు కాదేటి?"

"పిలవకపోతే చదివేవాళ్ళు తట్టుకోలేరని యంత్రం అంటోంది."

"దాన్నెవులైనా వదిలెల్లిపోనారేటి, దానికి తెలవడానికి?" అప్పలనరసమ్మ చెయ్యి ఆగింది. "ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైపోనాది. 'ఒక్క పిలుపైనా పిలవనేదేటమ్మా, నానంత బరువైపోనానా' అని మొన్న అడిగింది. దానికోసరమే రాసినాను. ఈయేళ చదువుతాది."

"నోటితో చెప్పేయొచ్చుగా?"

"సెప్తే సాకులాగుంటాదమ్మా. కథైతే అదొచ్చి రేవులో నా పక్కన నిలబడతాది. నా కొంగు దాని గొంతుకీ అడ్డం పడాల."

ఇంతలో పర్యవేక్షకుడు ప్రద్యుమ్న వచ్చాడు. "ఇంకా కుట్టలేదా అమ్మా? రెండు వాక్యాలేగా!"

"ఆ రెండూ పెడితే మిగతాదంతా అబద్ధమైపోతుంది, బాబూ."

"కథంటేనే అబద్ధం కదండీ."

"కాదు. ఊరు కల్పించు, పేరు కల్పించు, కావలిస్తే సముద్రాన్నే కల్పించు. ఆవిడ పిలవలేదు. పిలిచిందనడానికి నువ్వెవరు, నేనెవరు?"

"జనం బాధ తగ్గించడమే కదండీ మన పని?"

"ఏడిసినట్టుంది! మా ఆయన చనిపోయిన ఏడాది కేంద్రంలో ఉన్న కథలన్నీ చదివాను. అన్నిట్లోనూ పోయినవాళ్ళు లేచొచ్చారు. నాతో కూర్చుని ఏడవడానికి ఒక్క కథ దొరకలేదు. ఆ అతుకుల్లో సగం నేనే వేశాను."

ఈ ఉద్యోగం పోతే ఆమెకు వేరే దిక్కు లేదు. అయినా బల్ల అంచున ఉన్న నాడిమూత నొక్కింది. తప్పులు దిద్దే వేళ తప్ప దాన్ని ఎవరూ నొక్కరు. నొక్కితే చదివేవాళ్ళ నాడి యంత్రానికి అందదు. రాసింది రాసినట్టే అందరికీ పోతుంది. భ్రమరాంబ అలాగే కథను వదిలింది.

"ఏం చేశారండీ! తీయండి, తీయండి!"

గోడ తెర మీద, చదివేవాళ్ళ శోకాన్ని చూపే రేఖ ఆ కథకు ఆరిపోయింది. ఎంతమంది చదువుతున్నారో మాత్రం కనబడుతోంది. అందరూ చివరిదాకా వెళ్తున్నారు. కొందరు మళ్ళీ మొదటికి వస్తున్నారు. యంత్రం మునుపెన్నడూ అడగని ప్రశ్న ఆమె బల్ల మీద వెలిగించింది: తరువాత ఏం జరగాలి?

ప్రద్యుమ్న పైఅంతస్తుకు ఫోను కలుపుతున్నాడు. తెర అవతల అప్పలనరసమ్మ చేపలు వదిలేసి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని అటు తిరిగి ఉంది. "ఏడవకే... ఏడవకు తల్లీ... నేదే, బరువు కాదే... ఊఁ, సెప్పు, ఇంటన్నాను" అంటోంది.

భ్రమరాంబ ఆ ప్రశ్నను పక్కకు తోసింది. వరసలో ఉన్న తరువాతి కథను ముందుకు లాక్కుంది. అందులో ఒక ముసలాయన భార్య కళ్ళు మూయబోతోంది. దానికీ నాడిమూత వేసింది.