మాటిచ్చినవాడి తొలి తూటా

“చేపలు పడుతున్నాయా?” కారు అద్దం కాస్త దించి అడిగాడు లోపలి మనిషి.

“నీళ్ళు బురదగా ఉన్నాయి,” అన్నాడు లైల్ హాస్కెట్.

కోడ్ కలిసింది. తలుపు తెరుచుకుంది. లెక్సింగ్టన్ ఊరి చివర, రోడ్డు పక్క హోటల్ వెనక, చెత్తడబ్బాల సందులో ఆగి ఉంది ఆ కారు. గూఢచారులంటే ఓడల మీద షాంపేన్ తాగుతూ పని చేస్తారని ఎవడు పుట్టించాడో గానీ, వాడు మా కెంటకీ వైపు ఎన్నడూ వచ్చి ఉండడు. లోపల చీఫ్ బ్రాడక్ కోడి కాలు కొరుకుతూ కూర్చున్నాడు.

“వాషింగ్టన్ వాళ్ళు మళ్ళీ అడుగుతున్నారయ్యా. ఆ తుపాకుల గొడవేంటో ఒక్క ముక్కలో చెప్పు.”

“ఒక్క ముక్కలో అయ్యేదైతే ఇంతమంది లాయర్లు ఎలా బతుకుతారు సార్?” అన్నాడు లైల్. “విదేశీ మెషిన్ గన్ మామూలు మనిషి చేతికి మారాలంటే అది పాతదై ఉండాలి. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదికి ముందే దేశంలోకొచ్చి రిజిస్టరై ఉండాలి. మన సైనికులు యుద్ధం నుంచి గోతాల్లో వేసుకొచ్చినవి ఆ ఏడాది క్షమాభిక్ష పెడితే రాయించుకున్నారు. అవి భద్రం. తండ్రి పోతే కొడుక్కి, మొగుడు పోతే పెళ్ళానికి మారతాయి. ఆ తర్వాత దిగుమతైనవన్నీ డీలర్లు చూపించుకునే శాంపిళ్ళు. డీలర్ నుంచి డీలర్‌కే. ఇంకెవరి దగ్గరున్నా జైలే.”

“ఎనభై ఆరులో?”

“కొత్తవి రాయించుకునే తలుపే మూసేశారు. అందుకే పాతవాటికి బంగారం ధర.”

“అదీ సంగతి! ఇరీనా ముఠా శాంపిళ్ళకి దొంగ కాగితాలు పుట్టించి, యుద్ధపు తుపాకులని అమ్ముతోంది.” బ్రాడక్ వేళ్ళు తుడుచుకున్నాడు. “ఇరీనా వాల్డెక్. పైకి వాళ్ళ మనిషి, లోపల మన మనిషి. సైనికుడి విధవ వేషంలో శనివారం తుపాకుల మేళాకి ఒక గన్ తెస్తుంది. కొనేవాళ్ళూ వస్తారు. అందరినీ ఒకే వలలో వేస్తాం. ముందు రోజు పెట్టె మీ కొట్టుకి పంపుతుంది. నువ్వు దాన్ని తెరవకు. గొళ్ళానికి వెంట్రుక అంటించారట, తెరిస్తే ముఠాకి తెలిసిపోతుంది.”

“తెరవకుండా కాగితం సరిపోయిందని ఎలా చెప్పను? మేళాలో హామీ ఇచ్చేది కొట్టు యజమాని వెండెల్.”

“సరిపోయిందని చెప్పెయ్. ఆయన నిన్ను నమ్ముతాడుగా?”

వెండెల్ స్టాంపర్ తుపాకుల కొట్టులో పోయిన చలికాలం నుంచీ లైల్ పేరు కాల్ ప్రూయిట్. గడ్డం పెంచాడు, ఎడం బూటులో గులకరాయి వేసుకుని కుంటుతున్నాడు, తుపాకులు బాగుచేస్తున్నాడు. ఆ కొట్టు పేరు డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చిందీ తనే. మచ్చలేని మనిషి, ముఠాకి అనుమానం రాదు అని తన చేత్తోనే రాశాడు.

“తర్వాత ఆయన గతేంటి సార్?”

“మహా అయితే లైసెన్సు పోతుంది. వయసైందిగా, విశ్రాంతి తీసుకుంటాడు,” అని బ్రాడక్ రెండో కోడి కాలు అందుకున్నాడు.

*

పెట్టె శుక్రవారం వచ్చింది. ఆ మధ్యాహ్నం వెండెల్ భార్య ఓపల్ వంటింట్లో చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ. ఆ కొండల్లో పెద్దవాళ్ళంతా అందరికీ బాబాయిలూ పిన్నులే. లైల్‌కి మాత్రం ఆ పిలుపు అలవాటయ్యేకొద్దీ ముల్లులా గుచ్చుకుంటోంది.

“ఇంకో ముక్క వేసుకో నాయనా. మనిషివా, పొయ్యిలో కర్రవా? రోజురోజుకీ ఎండిపోతున్నావు,” అంది ఓపల్.

“చాలు పిన్నీ.”

“చాలంటాడేంటే వీడు!” వెండెల్ నవ్వాడు. పెద్ద చేతులూ, తెల్ల మీసం, మాట ఇస్తే ప్రాణం ఇచ్చినట్టే అనుకునే పాతకాలపు మనిషి. “ఒరేయ్ కాల్, ఆ విధవరాలి పెట్టె చూశావా? కాగితమూ నంబరూ కలిశాయా?”

లైల్ రొట్టె తుంచుతూ తల ఎత్తకుండానే అన్నాడు. “కలిశాయి బాబాయ్. అంతా సవ్యమే.”

“ఇంకేం మరి! రేపు ఆ హనుష్ కౌబెక్ వస్తున్నాడు. ఆ తుపాకీ తయారుచేసింది ఆయనే, కుర్రతనంలో. మొన్ననే కమ్యూనిస్టుల ఇనుప తెర దాటి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చాడట పాపం. ఆయన తుపాకీని ఆయన చేతే పేల్పిద్దామని ఆవిడ ముచ్చట.” వెండెల్ తలుపులోంచి కొట్టులో కనిపిస్తున్న పెట్టె వైపు ఒక్కసారి చూశాడు గానీ లేవలేదు. ఒకడు చూశానన్నాక రెండోవాడు మళ్ళీ చూడటమంటే, మొదటివాణ్ణి మొహం మీద అబద్ధాలకోరు అన్నట్టే అక్కడ. పెళ్ళిళ్ళు విడిపోయాయి గానీ ఆ మర్యాద తప్పలేదు ఆ లోయలో.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి లైల్ చిన్నప్పుడు చాలా విన్నాడు. తను ఏకంగా వాసాలు పీకి అమ్ముతున్నాడు. అతను చెంచా కింద పెట్టేశాడు. ఓపల్ మాత్రం అతని కంచంలో ఇంకో గరిటె వడ్డించే వెళ్ళింది.

*

శనివారం పొద్దున కొండ కింద మైదానంలో తుపాకులు బారులు తీరాయి. ఎదురుగా పాత కార్లు, ఫ్రిజ్‌లు, ఎవరి అత్తగారిదో ఒక కుట్టుమిషను, అన్నీ చావడానికి సిద్ధంగా నిలబెట్టారు. లైల్ చెవులకి పెట్టుకున్న శబ్దం ఆపే కప్పుల్లో రేడియో ఉంది. బ్రాడక్ గొంతు అందులోంచే.

“ఇరీనా వచ్చింది. మనవాళ్ళు గేటు దగ్గర ఉన్నారు. కొనేవాళ్ళు బయటపడేదాకా ఎవరూ కదలొద్దు.”

ఇరీనా వాల్డెక్ నల్ల కోటులో, ఎర్రటి పెదాలతో కౌబెక్ చెయ్యి పట్టుకుని నడిచి వస్తుంటే మగాళ్ళు తూటాలు నింపడం మరిచిపోయారు. కౌబెక్ బక్కపల్చటి ముసలాయన. తుపాకీని చూడగానే ఆయన కళ్ళు తడిశాయి.

“కూర్చోండి గురువుగారూ,” అంది ఇరీనా తియ్యగా. “మీ బిడ్డ ఇది. మొదటి గుండు మీదే.”

“కాదమ్మా,” అంటూ వెండెల్ తుపాకీ వెనక స్టూలు మీద తనే చతికిలబడ్డాడు. “మా దగ్గర హామీ ఇచ్చినవాడే ముందు పేల్చాలి. అతిథి తరవాత. తేడా జరిగితే మాటిచ్చినవాడికే జరగాలి.”

ఇరీనా మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. “లేదు లేదు! ఆయనే ముందు. మా ఆయన ఆత్మ శాంతిస్తుంది.”

“మీ ఆయన సైనికుడు కదా, అర్థం చేసుకుంటాడులే,” అన్నాడు వెండెల్. జనం నవ్వారు. ఇరీనా నవ్వలేదు. వెనక్కి, ఇసుక బస్తాల వైపు, ఒక్కో అడుగే వేస్తోంది.

లైల్ తూటాల డబ్బా పట్టుకుని తుపాకీ ఎడమ పక్కన వంగాడు. అప్పుడే మొదటిసారి దాన్ని దగ్గరగా చూశాడు. ఇనుము మీద చిన్న అక్షరాలు, నీటుగా చెక్కి ఉన్నాయి. దిగుమతి చేసిన కంపెనీ పేరు, ఊరు.

అతని చెయ్యి డబ్బా మీద ఆగిపోయింది. సైనికుడు గోతంలో వేసుకొచ్చిన తుపాకీకి దిగుమతి ముద్ర ఎవడు వేస్తాడు? ఆ ముద్ర శాంపిళ్ళకే ఉంటుంది. సరే, దొంగ కాగితమే అనుకుందాం. మరి అమ్ముకునే దొంగ ముందు చేసే పని ఆ ముద్ర అరగదీయడం కదా! అది ఉంటే ఈ మైదానంలో పిల్లాడు కూడా కొనడు. చెరపలేదంటే వీళ్ళకి అమ్మే ఉద్దేశమే లేదు. ఎవరైనా తీరిగ్గా చూసేదాకా ఈ తుపాకీ బతకదని వాళ్ళకి తెలుసు.

చేతుల్లోనే ఒక్కసారి బద్దలైతే చాలు. పేల్చేవాడు కౌబెక్ అయితే చాలు. ఇక్కడ హామీ ఇచ్చినవాడే ముందు కూర్చుంటాడని, పాపం, వాళ్ళ దేశంలో ఎవరూ చెప్పలేదు.

లైల్ తల ఎత్తాడు. “ఆపండి!” అని అరిచాడు.

ఆ మాట ఎవరన్నా సరే, లైన్ మొత్తం తుపాకుల మీంచి చేతులు తీయాలి. తీశారు.

“ఏమైందిరా?” అన్నాడు వెండెల్.

“నోరు ముయ్, లైల్!” కప్పుల్లో బ్రాడక్. “కొనేవాళ్ళు ఇంకా రాలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకో.”

“తుపాకీ... సరిగ్గా లేదు బాబాయ్. దిగు.”

“నిన్న సవ్యమన్నావుగా?” వెండెల్ మొహం ఎర్రబడింది. “ఇంతమందిలో నా మాట తీసేస్తావా? నువ్వు చూశావు, నేను నమ్మాను. అయిపోయింది. జరుగు పక్కకి.” ఆయన మళ్ళీ తుపాకీ మీద చేతులు వేశాడు. బోల్టు వెనక్కి లాగాడు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్తోంది.

లైల్ చెవి కప్పులు పీకి నేలకేసి కొట్టాడు. డబ్బా మీంచి ఒక్క దూకు దూకాడు, కుంటి కాలూ లేదు ఏమీ లేదు. వెండెల్ చెయ్యి పట్టుకున్నాడు.

“నేను చూడలేదు! పెట్టె తెరవనే లేదు. నీతో అబద్ధం చెప్పాను బాబాయ్. నేను కాల్‌ని కాను. సర్కారు మనిషిని. నీ పేరు వాళ్ళకి ఇచ్చిందీ నేనే. దణ్ణం పెడతాను, దిగు!”

వెండెల్ అతని మొహంలోకి చూశాడు. నెమ్మదిగా వేలు తీశాడు. బోల్టు జాగ్రత్తగా ముందుకి దింపి, లేచి, కౌబెక్‌ని చెయ్యి పట్టి దూరంగా నడిపించుకుపోయాడు.

ఇరీనా అప్పటికే పరుగు తీసింది. ఎత్తు మడమల చెప్పులతో కెంటకీ బురదలో పరుగంటే మాటలా! మూడో బస్తా దగ్గరే బోర్లా పడింది. బ్రాడక్ మనుషులు వచ్చేసరికి ఇద్దరు రైతులు ఆవిడ్ని మర్యాదగా లేవదీసి, అంతకంటే మర్యాదగా వదలకుండా పట్టుకున్నారు.

జనాన్నంతా బస్తాల వెనక్కి పంపి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి లాగారు. తుపాకీ బాంబులా పేలిపోయింది. స్టూలు లేదు, స్టాండు లేదు. వెండెల్ తల ఉండాల్సిన చోటుకి వెనకున్న పైన్ చెట్టులో ఇనుపముక్క దిగబడింది. ఓపల్ దాన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

*

సాయంత్రానికి బ్రాడక్ ఆనందం పట్టలేకపోయాడు. ఇరీనా అన్నీ కక్కేసింది. అమ్మకాల ముఠా అంతా కట్టుకథ, వాళ్ళ దేశం నుంచి పారిపోయి వచ్చిన కౌబెక్ నోరు మూయించడమే అసలు పని.

“మనల్ని కూడా ఆడించింది చూశావా! నీకు ప్రమోషన్ ఖాయం,” అంటూ కారు బానెట్ మీద కాగితం పెట్టి రిపోర్టు రాస్తున్నాడు. “ముసలాయన లైసెన్సు జోలికి ఎవరూ పోరు. నా హామీ.”

లైల్ ఆ మాట మోసుకుని వెండెల్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన ట్రక్కు వెనక తుపాకులు సర్దుకుంటున్నాడు. ఓపల్ ముందు సీట్లో కూర్చుని, ఇటు చూడటం లేదు.

“బాబాయ్...”

“నీ అసలు పేరేంటి?”

“లైల్. లైల్ హాస్కెట్.”

“నా ప్రాణం కాపాడావు లైల్. ఋణపడి ఉంటాను.” వెండెల్ చెయ్యి చాచాడు. గట్టిగా కలిపాడు. కొత్తవాళ్ళతో కలిపినట్టే కలిపాడు.

“పిన్నితో ఒక్కమాట మాట్లాడనా?”

“నీకు ఆవిడ తెలుసా?” అన్నాడు వెండెల్. కోపం లేదు ఆ గొంతులో. లైల్‌కి కోపం ఉంటే బాగుండుననిపించింది. తిడితే పడదామని వచ్చాడు, ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

అవతల బ్రాడక్ కేక వేశాడు. “లైల్! ప్రాణనష్టం లేదనే రాస్తున్నా, సరేగా?”

వెండెల్ ట్రక్కు తలుపు మూసి, టోపీ తీసి, సర్దుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఒకరు పోయారని రాయండయ్యా,” అన్నాడు అటు తిరిగి. “కాల్ ప్రూయిట్. మంచోడు. రేపు చర్చిలో వాడి పేరున ఓపల్ ప్రార్థన చేయిస్తుంది, వీలైతే మీరూ రండి.”