జిగురు పెట్టిన క్యారెట్

టైలరమ్మ కూర్చోలేదు. తడి తువ్వాలు విప్పి, అందులోని క్యారెట్‌ను డిటెక్టివ్ బల్ల మీద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. మూరన్నర పొడవున, నున్నగా, గీత గీసినట్టు తిన్నగా ఉందది. అడుగున దారంలా సన్నబడిన తోక మాత్రం విరిగి, జిగురుతో అతికించి ఉంది.

"నేను దొంగనట మేడమ్. నలుగురిలో అన్నారు."

"ఎవరన్నారు?" డిటెక్టివ్ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంది.

"మడులిచ్చే మా తోటల సంఘం కార్యదర్శి. ఇవాళ కూరగాయల పోటీ. అయిదు క్యారెట్లు పెట్టాలి, తోక విరిగితే మార్కులు రావు. విరిగినదాన్ని అతికించి పెట్టానని నన్ను తీసేశారు. తీసేస్తే తీసేశారు, పోనీ అనుకుందును. మోసం చేసినవాళ్ళ మడి సంఘం లాగేసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. రేపు సాయంత్రమే మీటింగు. మిషను తొక్కగా మిగిలిన పొద్దంతా నేనూ మా ఆయనా ఆ మడికే పోశాం. మొలలోతు తవ్వి, మట్టంతా జల్లెడ పట్టి, రాయన్నది లేకుండా ఏరాం. ఆయన పోయారు. నాకు మిగిలింది ఆ మట్టే."

పక్కనున్న అసిస్టెంటుకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి ఆ కార్యదర్శి కాలరు పట్టుకోవాలనిపించింది. డిటెక్టివ్ మాత్రం నింపాదిగా క్యారెట్‌ను తిప్పి చూస్తోంది. ఈవిడకసలు కోపం రాదా అని అతనికి ఎప్పుడూ అనుమానమే.

"ఎప్పుడు లాగారు వీటిని?"

"నిన్న సాయంత్రం. మట్టి బాగా నానబెట్టి లాగాను. కడిగి తడిగుడ్డలో చుట్టాను. పొద్దున హాల్లో బల్ల మీద పరిచేదాకా విప్పలేదు. అప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి."

"తరవాత హాల్లో ఎవరున్నారు?"

"అందర్నీ బయటికి పంపేశారు. కార్యదర్శి, లెక్కల మాస్టారు, ఇద్దరే. మధ్యాహ్నానికి జడ్జి వచ్చింది. అనుమానమేముంది మేడమ్, మాస్టారి పనే. నా పక్క మడి వాడిది. వాడూ క్యారెట్లే వేస్తాడు, ఏటా నా తరవాతే వస్తాడు. ఈసారి కప్పు వాడి చేతికిచ్చారు."

జడ్జి ఒక మొక్కల నర్సరీ యజమానురాలు. తన తీర్పును ప్రశ్నించడానికి వచ్చారని తెలియగానే మొహం ముడుచుకుంది.

"ముట్టుకోగానే తోక కదిలిందండీ. నా వేలికి జిగురు తెల్లగా అంటుకుంది. ఇంకేం కావాలి?"

"తెల్లగానా?"

"తెల్లగానే. కావాలంటే రాసిస్తాను."

"అక్కర్లేదు, చాలు," అంది డిటెక్టివ్. అంత సంతోషించడానికి అందులో ఏముందో అసిస్టెంటుకు అర్థం కాలేదు.

అక్కణ్ణించి టైలరమ్మను వెంటబెట్టుకుని మడుల దగ్గరికి వెళ్ళారు. మొదటిది కార్యదర్శిది. ఎక్కడ చూసినా గులకరాళ్ళే, వాటి మధ్య రెండు గుమ్మడి తీగలు ప్రాణాలు ఉగ్గబట్టుకుని పాకుతున్నాయి. చివర టైలరమ్మ మడి. దాని గేటు ముందు నడుమెత్తున పచ్చి పేడ కుప్ప, దాని మీద ఈగలు. పక్కనే ట్రాక్టరు చక్రాల గుర్తులు.

"చూశారా మాస్టారి పని?" టైలరమ్మ కుప్పకేసి చెయ్యి చూపించింది. "నన్ను వెళ్ళగొట్టింది చాలక నా గుమ్మంలో పేడ పోయించాడు."

"మీరు తెప్పించలేదుగా?"

"క్యారెట్ మడికి పచ్చి పేడా? అది తగిలితే క్యారెట్ రెండు కాళ్ళుగా చీలిపోతుంది మేడమ్. బాగా మాగిన ఎరువే భయం భయంగా వేస్తాం."

పక్క మడిలో మాస్టారు తలెత్తకుండా కలుపు తీస్తున్నాడు. అసిస్టెంటు ఉండబట్టలేక ఫెన్సింగు దాకా వెళ్ళి నిలదీశాడు.

"ఈ పేడ మీరేనా పోయించింది?"

"నేనెందుకు పోయిస్తాను? వానొస్తే అది కారేది నా మడిలోకే."

"ఇవాళ పొద్దున హాల్లో ఏం చూశారు?"

"పళ్ళేలు కడుక్కుంటూ పెరటి వైపున్నాను," అన్నాడు మాస్టారు. టైలరమ్మ వైపు మాత్రం చూడలేదు.

"ఆ ట్రాక్టరు ఎవరిదో కనుక్కో," అంది డిటెక్టివ్ అసిస్టెంటుతో. "డ్రైవరును రేపు మీటింగుకు రమ్మను. ఎందుకో చెప్పకు."

మర్నాడు హాలు నిండిపోయింది. కార్యదర్శి గొంతు సవరించుకుని, మోసం సంఘానికే మచ్చ అంటూ మొదలుపెట్టాడు. డిటెక్టివ్ లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం. ఈ తెల్ల జిగురు ఆరితే రంగు పోతుంది, గాజులా అయిపోతుంది. ఇంట్లో అతికించి తడిగుడ్డలో చుడితే తెల్లారేసరికి ఊడిపోయేది. పొద్దున బల్ల మీద పెట్టేముందు అతికించినా, ఈ ఫ్యాన్ల కింద మధ్యాహ్నానికి ఆరిపోయేది. జడ్జిగారి వేలికి తెల్లగా అంటింది. అంటే ఆవిడ రావడానికి కాస్త ముందు, ఈ హాల్లోనే జరిగింది. అప్పుడిక్కడ ఉన్నది ఇద్దరు."

అందరి తలలూ మాస్టారి వైపు తిరిగాయి. ఆయన చేతిలో చెమట పట్టిన రుమాలు నలుగుతోంది.

"మాస్టారికి కావలసింది కప్పు," అంది డిటెక్టివ్. "దానికి తోక విరిస్తే చాలు. మళ్ళీ అతికించడం ఎందుకు? విరిగితే ఓటమి, అతికిస్తే మోసం. మోసమైతే మడి పోతుంది. ఈ పని చేసినవాడికి కావలసింది మడి. ఆ మడి గేటు ముందు పచ్చి పేడ దిగింది. క్యారెట్లు వేసే మనిషెవరూ ఆ మట్టికి పచ్చి పేడ తోలించరు. గుమ్మడి వేసేవాళ్ళు తోలిస్తారు."

"ఎవరో కక్షకొద్దీ పోసుంటారు," అన్నాడు కార్యదర్శి. "దానికీ నాకూ ఏంటి సంబంధం?"

తలుపు దగ్గర నిలబడ్డ ట్రాక్టరు డ్రైవరుకు ఈ గొడవేదీ ఎక్కలేదు. వచ్చిన పని చూసుకుని పోదామనుకున్నాడో ఏమో, కార్యదర్శి కనబడగానే అడిగేశాడు.

"సార్, రెండో లోడు కూడా టైలరమ్మ మడి దగ్గరే దింపనా? పోటీకి ముందురోజు మీరు రెండు చెప్పారుగా."

హాలు గొల్లుమంది. కార్యదర్శి కూలబడ్డాడు. రాళ్ళు ఏరి ఏరి తన నడుం పోయిందనీ, అంత మంచి మట్టి ఒంటరి ఆడమనిషికెందుకనీ ఏదేదో గొణిగాడు. అసిస్టెంటు పిడికిలి బిగించి ముందుకు కదిలాడు. అతని మోచేతి మీద డిటెక్టివ్ చెయ్యి పడింది. ఆ పట్టులోని కోపానికి అసిస్టెంటు ఆశ్చర్యపోయి ఆగిపోయాడు.

మడి టైలరమ్మదేనని అక్కడికక్కడే తీర్మానించారు. కార్యదర్శిని పదవిలోంచి తీసేశారు. జనం పలచబడ్డాక మాస్టారు కప్పు తెచ్చి టైలరమ్మ ముందు పెట్టాడు.

"ఇది నీదేనక్కా."

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. "అనరాని మాటలన్నాను నిన్ను, తప్పే. కానీ ఒకటి చెప్పు. పదేళ్ళు పక్కపక్కన వంగి పనిచేశాం. నేను జిగురు పెట్టే మనిషిని కాదని నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసక్కా."

"నన్ను దొంగంటుంటే నోరు విప్పలేదేం?"

మాస్టారు కప్పు అంచు రుమాలుతో తుడుస్తూ అన్నాడు. "విప్పితే కప్పు నీకొచ్చేది కదక్కా."

టైలరమ్మ చేతిసంచి భుజాన వేసుకుంది.

"ఆ కార్యదర్శి మీద కోపం ఎప్పటికైనా చల్లారుతుందిలే," అంది. "ఆయన నాకు ఏమీ కాడు."