నాలుగో గ్లాసు

మాచర్ల నుంచి ఏటి వైపు పోయే రోడ్డులో, పాత రాళ్ళగని మలుపు దగ్గర ఒక బంగళా ఉంది. ఎవరో దొర కట్టించుకుని, కొన్నాళ్ళుండి, వదిలేసి పోయాడట. ఇప్పుడు తలుపుల్లేవు, కిటికీల్లేవు. వరండా మాత్రం గట్టిగా ఉంది. అంతా నాపరాయి.

పొద్దుగూకాక ఆ వరండా ముందు నుంచి ఎవరూ నడవరు. గడ్డిబండ్ల వాళ్ళు మలుపు రాకముందే ఎద్దుల్ని అదిలించి పరుగు పెట్టిస్తారు. సైకిలు మీద పోయేవాడు, ఎదురుగా మనిషి లేకపోయినా, బెల్లు కొడుతూనే పోతాడు.

ఎందుకంటే... అక్కడ ఏదో మొహం తడుముతుందట.

కొట్టదు. అరవదు. జుట్టు విరబోసుకుని ఎదురు రాదు. చీకట్లో పక్కకొచ్చి నిలబడి — నుదురు, ముక్కు, గడ్డం — మెల్లగా, వేళ్ళతో, ఎవరో పోల్చుకోవాలని చూస్తున్నట్టు తడుముతుంది. పోల్చుకోలేక వదిలేస్తుంది. అంతే.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అందుకే మా బాబాయి ధనుంజయరావు ఈ సంగతి చెబుతుంటే మాటమాటకీ అడ్డం పడ్డాను. ఆయన సాగరు డ్యాం మీద ఓవర్సీరు. సిమెంటు, ఇసుక లెక్కలు తప్ప కల్పనలు తెలిసిన మనిషి కాదు.

"ఆడపిల్లవి, ఈ విస్కీల గోల నీకెందుకే" అన్నాడు మొదట.

"దెయ్యం సంగతి చెప్పమన్నాను బాబాయ్. విస్కీని మధ్యలోకి తెచ్చింది నువ్వు."

"అది లేకుండా ఇది లేదు మరి" అన్నాడు.

మనవైపు మద్యనిషేధం, తాగితే జైలు. ఏరు దాటితే కొట్లో దీపం పెట్టి అమ్ముతారు. ఒకటే రాష్ట్రం, ఒకటే కృష్ణ — ఈ గట్టున నేరం, ఆ గట్టున వ్యాపారం. ఇలాంటి చట్టం ఎవరికి కష్టం? ప్లీడరుకి కాదు, ఓవర్సీరుకి కాదు. ఏరు దాటించే పుట్టి వాడికి నాలుగు డబ్బులిస్తే సీసా గడ్డిలో చుట్టుకుని వచ్చేస్తుంది. గనిలో రాయి కొట్టేవాడికి పుట్టి లేదు. వాడికి వార్నీషు ఉంది.

ఈ మాట నేనన్నాక బాబాయి చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

ఆ బంగళాలో ప్రతి శనివారం పొద్దుగూకాక ముగ్గురు కలిసేవాళ్ళు. ఒకడు బాబాయి. రెండోవాడు పటాలం నుంచి పింఛనుకొచ్చిన సుబేదారు అబ్దుల్ జబ్బారు. మూడోవాడు గురజాల కోర్టులో పెద్ద ప్లీడరు త్రికోటేశ్వరరావు. తాగి పడిపోయే రకాలు కారు. ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకుని, తలా కాస్తా పోసుకుని, ఏది ఎట్లా ఉందో పోల్చుకోవడం వాళ్ళ సరదా. సుబేదారుది మిలిటరీ సరుకు. ప్లీడరుది హైదరాబాదు సరుకు. డ్యాం దగ్గరికి వచ్చిపోయే సీమదొర ఇంజనీర్లలో ఎవరో ఒకరు బాబాయికి ఇచ్చిపోయే సీసా సీమది.

ప్లీడరు నాలుక గొప్పది. గుక్క దిగగానే చెప్పేవాడు. "ధనుంజయం, నీ సీసా నూజెండ్లలో పొగాకు బారను తలుపు తెరిచినట్టుందయ్యా" అనేవాడు. సుబేదారు సీసాకి, "మాడిన బెల్లం. కొత్త చెక్క పెట్టెలో దాచిన మాడిన బెల్లం" అనేవాడు. సుబేదారు మీసం దువ్వుకుని, "పెట్టె మీకూ బెల్లం మాకూ వకీల్ సాబ్" అనేవాడు.

ఆ సభకి ఒక నియమం. అది ప్లీడరు పెట్టిందే. గ్లాసు మొత్తం ఖాళీ చేశాకే పేరు చెప్పాలి. వాసన చూసి చెబితే చెల్లదు, నాలుక తడిపి చెబితే చెల్లదు. గొంతు దిగాక ఆ వేడి ఎక్కడాగిందో చూసుకుని అప్పుడు చెప్పాలి.

"భయం వెయ్యలేదా, ఆ చోట?" అన్నాను.

"దెయ్యం ఉందన్న పేరుంటే పోలీసు రాడని అక్కడికి పోయేది. మనకది జీతం లేని కాపలా అనేవాడు ప్లీడరు."

ఆ కాపలావాడికి ఒక పేరుంది. బాలశౌరి.

గనిలో రాయి కొట్టేవాడు. మాచర్లలో ఇనుప సామాను, రంగులు అమ్మే వెంకట్రామయ్య కొట్లో, వెనక గుమ్మం నుంచి ఇంకో సరుకు దొరికేది. వార్నీషులో మాడ్చిన పంచదార కలిపి, యాలకులు దంచి వేసి, సీసాల్లో పోసి, "ఏటవతలి విస్కీరా, మీ మొహాలకి మళ్ళీ దొరకదు" అని కూలీలకి అమ్మేవాడు. బాలశౌరి ఒకరోజు అది తాగాడు. తెల్లారి గనిలో సమ్మెట ఎత్తి, ఎక్కడ దించాలో కనపడక అట్లాగే నిలబడిపోయాడట. తోటివాళ్ళు పట్టుకుని తీసుకొచ్చి, దగ్గర్లో నీడ అదొక్కటే గనక, బంగళా వరండాలో పడుకోబెట్టారు. వచ్చినవాళ్ళ మొహం ఒక్కొక్కరిదీ తడిమి చూసుకుంటూ ఉన్నాడు, పెళ్ళాం వచ్చిందేమోనని. ఆమె వచ్చేసరికి పోయాడు.

పోలీసులు వెంకట్రామయ్య మీద కేసు పెట్టారు. వెంకట్రామయ్యకి భూములున్నాయి, పంచాయతీ ఉంది, వెనక పార్టీ ఉంది. ప్లీడరు త్రికోటేశ్వరరావుని పెట్టుకున్నాడు.

బాలశౌరి భార్య ఫిలోమినా. ఒకనాడు ఆమె గురజాలలో ప్లీడరు ఇంటి అరుగు దగ్గరికి వచ్చింది. బాబాయి అప్పుడు అక్కడే ఉన్నాడు.

"కేసు మీరే గెలుచుకోండి అయ్యా" అందట. "ఆయన్ని జైల్లో పెట్టించమని రాలేదు. నా మొగుడు తెలిసి తాగాడని మాత్రం అనొద్దు."

"అది అనకపోతే నాకు కేసే లేదమ్మా" అన్నాడు ప్లీడరు.

"మీరట్లా అంటే నా మొగుడు బయటే ఉండిపోతాడయ్యా."

బయట అంటే — సమాధుల గోడ బయట. తెలిసి విషం తాగితే ఆత్మహత్య. ఆత్మహత్య చేసుకున్నవాడికి గోడ లోపల చోటు లేదు, పూజ లేదు. ఫాదరు గారు చెడ్డవాడు కాదు, కానీ కోర్టులో తేలనీ అన్నాడు. అప్పటిదాకా బాలశౌరిని గోడకి అవతల, తుమ్మచెట్ల కింద పూడ్చారు. ఫిలోమినా పొద్దున్నే పోయి, కుక్కలు తవ్వకుండా రాళ్ళు పేర్చి వచ్చేది.

ప్లీడరు వాదన ఒకటే. కోర్టులో సగం చెప్పాడు, మిగతా సగం సోమవారం చెప్పాలి. "విస్కీ వేరు, వార్నీషు వేరు. ఒక్క గుక్కలో ఏ తాగేవాడైనా చెబుతాడు. ఇతను చెప్పగలిగి కూడా తాగాడు. కాబట్టి చావడానికే తాగాడు. అమ్మినవాడు మోసం చేశాడనడానికి వీల్లేదు."

దానికి ముందు వచ్చిన శనివారం అది.

వరండాలో లాంతరు బల్ల మీద ఉంది. వేయించిన వేరుశనగలు, ఉల్లిపాయ ముక్కలు, మూడు సీసాలు, మూడు గ్లాసులు. గాలి లేదు. గనిలో నిలిచిన నీళ్ళలో కప్పలు అరుస్తున్నాయి.

"వకీల్ సాబ్" అన్నాడు సుబేదారు, "ఒక్క గుక్కలో తెలిసిపోతుందంటారు. రంగు చూస్తారు, సీసా చూస్తారు. కళ్ళు మూసి ఇస్తే?"

"కళ్ళతో తాగుతానా నేను?"

"వాడికి చీకట్లో ఇచ్చారంట. గుడ్డి దీపం కూడా లేదంట కొట్టు వెనక."

ప్లీడరు నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి బాబాయికిచ్చాడు. "కట్టవయ్యా ధనుంజయం. గట్టిగా కట్టు. సోమవారం ఇదే చెబుతాను కోర్టులో, నేను స్వయంగా పరీక్షకి నిలబడ్డానని."

బాబాయి కట్టాడు. రెండు చుట్లు చుట్టి వెనక ముడేశాడు.

సుబేదారు మొదటి గ్లాసు చేతికిచ్చాడు. ప్లీడరు తాగాడు, గ్లాసు బోర్లించాడు. "పెట్టె, బెల్లం. నీదే సుబేదారూ."

సరిగ్గా చెప్పాడు.

రెండోది బాబాయి ఇచ్చాడు. "బారను పొగ. చివర్న తొలకరికి తడిసిన మట్టి. సీమ సీసా."

అదీ సరే.

మూడోది నోట పెట్టుకుంటూనే మొహం చిట్లించాడు. తాగాకే చెప్పాడు. "నాదే. మీ రెండూ తాగాక నాది నీళ్ళలా ఉంది. సిగ్గేస్తుంది."

ముగ్గురూ నవ్వారు. బాబాయి ముడి విప్పడానికి లేచాడు.

"ఉండు" అన్నాడు ప్లీడరు. తల కాస్త పక్కకి తిప్పాడు. "ఎవరయ్యా నా మొహం తడిమేది? సుబేదారూ, చెయ్యి తియ్యి."

సుబేదారు బల్లకి అవతల ఉన్నాడు. రెండు చేతులూ శనగల పళ్ళెం మీద ఉన్నాయి.

బాబాయి సుబేదారు వైపు చూశాడు. సుబేదారు బాబాయి వైపు చూశాడు.

"ఓహో... నాలుగోది దాచిపెట్టి తెచ్చారా?" అన్నాడు ప్లీడరు. కుడిచెయ్యి చాచాడు. వేళ్ళు గ్లాసు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి.

చేతిలో ఏమీ లేదు.

"కోర్టులో ఇట్లాగే ఆడతాడు నాటకం" అని సుబేదారు గుసగుసగా అన్నాడు. అన్నాడే గాని నవ్వు రాలేదు.

ప్లీడరు ఆ ఖాళీ చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "అబ్బ... యాలకులు. మాడిన పంచదార. ఏం సరుకయ్యా ఇది, ఎక్కడ పట్టారు?"

"ప్లీడరు గారూ, వద్దండీ" అన్నాడు బాబాయి. తనకే వినపడలేదట.

చెయ్యి నోటి దగ్గరికి పోయింది. తల వెనక్కి వాలింది. గొంతులో ముడి కదిలింది — ఒకసారి, ఇంకోసారి, ఇంకోసారి. నియమం ప్రకారం చివరి చుక్కదాకా. పెదవి చివర్నుంచి గడ్డం మీదికి ఒక తడి గీత జారింది. లాంతరు వెలుగులో అది మెరవడం బాబాయి చూశాడు.

అప్పుడు వరండా అంతా యాలకుల వాసన.

కప్పలు ఎప్పుడు ఆగాయో తెలీదు.

"ఇదీ విస్కీ అంటే" అన్నాడు ప్లీడరు. గొంతు తృప్తిగా ఉంది. "మీ మూడూ దీని ముందు పనికిరావు. పేరు మాత్రం చెప్పలేను, ఒప్పుకుంటున్నాను. ఓడిపోయాను. కట్టు విప్పండయ్యా, సీసా చూస్తాను."

బాబాయి ముడి విప్పాడు. తువ్వాలు లాగేసి చేతిలో పట్టుకున్నాడు.

ప్లీడరు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. లాంతరు వాటికి జానెడు దూరంలో ఉంది. రెప్ప పడలేదు.

"విప్పమంటే ఆలస్యమేందయ్యా" అన్నాడు.

ఇక్కడ నేను ఊరుకోలేదు. సీసాల్లోనే ఏదో కలిసి ఉంటుందన్నాను.

"మూడు సీసాలూ ముగ్గురం తాగాం. నాకూ సుబేదారుకీ తలనొప్పి కూడా రాలేదు."

అంతకు ముందే కళ్ళ జబ్బు ఉండి ఉంటుందన్నాను.

"ఆ మధ్యాహ్నమే కోర్టులో చీమ కాళ్ళంత అక్షరాలు చదివాడు."

భయం అన్నాను. మనసులో తప్పు చేస్తున్నానని ఉంటే ఒళ్ళే శిక్ష వేసుకుంటుంది, అట్లా జరుగుతుందని ఎక్కడో చదివాను అన్నాను. "గుంటూరు ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కంటి నరం చచ్చిపోయిందన్నాడు. ఏం తాగావని అడిగాడు. ప్లీడరు బాగున్నదే తాగానన్నాడు" అన్నాడు బాబాయి.

సోమవారం కేసు వాయిదా పడింది. తర్వాత వాయిదాకి ప్లీడరు దగ్గర పనిచేసే కుర్ర వకీలు లేచి, అదే వాదన, అవే మాటలు అప్పజెప్పాడు. వెంకట్రామయ్య బయటపడ్డాడు. కొట్టు ఇప్పటికీ ఉంది, నేను చూశాను, కొత్త బోర్డు కూడా రాయించుకున్నాడు. వెనక గుమ్మం మూసేశాడో లేదో గనివాళ్ళని అడగాలి. అందరూ చీకటిని చూసి భయపడతారు, ఆ గుమ్మాన్ని చూసి ఎవరూ భయపడరు.

కానీ బాలశౌరి ఇప్పుడు తుమ్మచెట్ల కింద లేడు. గోడ లోపల ఉన్నాడు, సిలువ ఉంది, పేరు చెక్కిన నాపరాయి ఉంది. కోర్టు తీర్పు వల్ల కాదు. ఆ వాయిదా రోజు ఫాదరు గారు వెనక బెంచీలో, ఫిలోమినా పక్కన కూర్చుని ఉండటం వల్ల.

కుర్ర వకీలు చెయ్యి ఊపి, "ఒక్క గుక్కలో తెలియదా అని నేను అడుగుతున్నాను" అన్నాడట.

గుమ్మం దగ్గర అలికిడైంది. సుబేదారు భుజం పట్టుకుని త్రికోటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. నల్లకోటు లేదు. మేజిస్ట్రేటు గారు ఎక్కడున్నారో తెలియక, కిటికీ వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీరు ఈ కేసులో ఎవరి తరఫున?" అన్నాడు మేజిస్ట్రేటు. "కూర్చోండి." వెంటనే "ఇది రాయొద్దు" అని గుమాస్తాకి చెప్పాడు.

ప్లీడరు కూర్చోలేదు.

"ఒక్క గుక్కలో తెలీదండీ" అన్నాడు. "చానా బాగుంది."