కొక్కెం మీద వర్జిల్

ఆకాశంలో తేలే అమెరికా నౌకాదళం వారి ఆ గాలి ఓడకి పొట్ట కింద వేలాడే కొక్కెం మంచిది కాదని సిబ్బంది చెప్పుకునేవాళ్ళు. గాలి లేకపోయినా ఊగేదట... ఖాళీగా ఉన్నా బరువుకి మూలిగేదట. కాలిఫోర్నియా తీరంలో పొగమంచు పట్టిన సాయంత్రాల్లో మరీనట.

ఓడ కడుపులో చిన్న విమానాలుండేవి. కొక్కేనికి తగిలించి దింపితే ఎగిరిపోయేవి, తిరిగొచ్చి దానికే తగులుకుంటే మోటారుతో పైకి లాగేవాళ్ళు. సముద్రం మీద చక్రాలెందుకు దండగ అని ఊడదీసి, ఆ బరువుకి పెట్రోలు నింపేవాళ్ళు. ఇక దిగడానికి నేల పనికిరాదు — కొక్కెమొక్కటే దిక్కు.

కిందటి నెల ఆ విమానాల్లో ఒకటి నడిపే వర్జిల్ పొగమంచులో దారి తప్పాడు. ఓడ చాలాసేపు ఎదురుచూసింది. తుఫాను తరుముకొస్తుంటే పైనుంచి హుకుం వచ్చింది. మోటారు నడిపే ముసలి గస్ కొక్కెం ఎత్తేశాడు.

వర్జిల్ జతగాడు ఎల్డన్ ఆ వేళకి లోపల కూర్చుని బీన్స్ తింటున్నాడు. అప్పట్నుంచీ అతనికి ఏ రుచీ తెలియలేదు. ఏడుపూ రాలేదు. తినమంటే తినేవాడు, ఎగరమంటే ఎగిరేవాడు.

ఆ సాయంత్రం ఎల్డన్ ఒక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చీకటి పడింది, పెట్రోలు అడుగంటింది. పొగమంచులోంచి ఓడ పొట్ట కనిపించింది... దీపం కింద కొక్కెం...

దానికి ఒక విమానం వేలాడుతోంది.

చక్రాల్లేవు. రెక్కల నుంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలి మనిషి చెయ్యెత్తి, పైకి లాగమని సైగ చేస్తున్నాడు. ఎవరూ లాగడంలేదు.

మెడలో ఎర్ర మఫ్లరు... వర్జిల్.

ఎల్డన్‌కి భయం కూడా వెయ్యలేదు. ముందున్నవాడు పైకెక్కాకే వెనకవాడి వంతు — అది వాళ్ళ పద్ధతి. ఒక చుట్టు తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. ఇంజను దగ్గడం మొదలెట్టింది.

"కాస్త జరగరా వర్జిల్," అని గొణిగాడు. "నాకూ చక్రాల్లేవు."

వర్జిల్ తల తిప్పి చూశాడు. చెయ్యి దించేశాడు. ఎల్డన్ నేరుగా అతని మీదికే పోనిచ్చాడు...

ఠప్పుమని తగులుకుంది. ఇంజను ఆగిపోయింది. కొక్కెం మీద తనొక్కడే ఉన్నాడు.

పైకి లాగాక గస్ కసిరాడు. "ఏం సార్, ఖాళీ కొక్కెం పెట్టుకు కూర్చుంటే చక్కర్లు కొడతారేంటి? తమర్ని ప్రత్యేకంగా పిలవాలా?"

గస్ కొక్కేన్ని లోపలికి మడిచి, కింది తలుపులు మూసేశాడు. వర్జిల్ పోయాక ఏ సాయంత్రమూ ఆ ముసలాడు తనంతట తాను మూసింది లేదు. అందరూ వచ్చేదాకా దించే ఉంచాలనేవాడు. పైవాళ్ళు కేకలేస్తే తప్ప కదిలేవాడు కాదు.

"ఇవాళ ఎవరూ చెప్పకుండానే మూసేశావేం?" అన్నాడు ఎల్డన్.

గస్ గొంతు తగ్గించాడు. "ఈ మోటారు మీద చెయ్యేసి చూడండి సార్... ఒక్క విమానానికి ఇంత కాగదు. రెండిటిని లాగింది." మూసిన తలుపుల వైపు చూసి అన్నాడు — "ఇంక బయట ఎవరూ లేరు."

ఎల్డన్ చెయ్యి పెట్టాడు. చురుక్కుమంది. వర్జిల్ పోయాక అతనికి తెలిసిన మొదటి నొప్పి అది. చెయ్యి తియ్యకుండా, అలాగే నిలబడి ఏడ్చాడు.